కొండ మునిగాక

తెల్లారి ఆరున్నరకి ఫిషింగ్ హార్బర్ దాటాం.
ముప్పై ఒక్క అడుగుల తెరచాప పడవ, పేరు చందన.
సాయంత్రం నాలుగుకల్లా యారాడ కొండ
మడుగులో గేదెలా నీళ్ళలోకి మెల్లగా కూర్చుంది,
కాసేపు వీపు ఒక్కటీ పైకుంచి.
ఆకెళ్ళ గారు లాగ్ పుస్తకంలో రాశారు:
"భూమి కనబడదు." అంతే, కింద సంతకం.

నాన్నకి అదే సరిహద్దు.
"ఒలే ముత్తేలూ, కొండ ములిగిపోనాక
ఆ సంద్రం మనది కాదు" అనేవాడు.
ముప్పయ్యేళ్ళు తెప్ప మీద వెళ్ళి
కొండ నడుం దాకా మునగ్గానే తిరిగొచ్చిన మనిషి.
ఇప్పుడు హార్బర్లో ఐసు గడ్డలు కొడుతున్నాడు.
నేను తెరచాపలు కుట్టడం నేర్చుకుని
ఆ చాపల వెంబడే వచ్చేశాను.

ఇక్కడ ప్రపంచం కుడిపక్కకి ఒరిగి ఉంటుంది,
ఈశాన్యం గాలి ఉన్నన్నాళ్ళూ అంతే.
గ్లాసు పెట్టే ముందే అది ఎటు జారుతుందో చూసుకోవాలి.
ఎడమ బల్ల మీద పడుకుంటే
దొర్లిపోకుండా అడ్డంగా గుడ్డ కట్టుకోవాలి.
బియ్యానికి రెండు గ్లాసులు మంచినీళ్ళు, ఒకటి సముద్రం.
ఉప్పు డబ్బా ఒడ్డునే మర్చిపోయామని
రెండో రోజు దాకా ఎవరికీ తెలియలేదు.
సిమోను, మల్కాపురంలో వెల్డింగు చేసినవాడు,
తన వాటా నీళ్ళ సీసా మీద గీతలు గీసుకుని
గీతకీ గీతకీ మధ్య బతుకుతాడు.

ఎండు నెత్తళ్ళు వేయించిన మొదటి రోజు
ఆకెళ్ళ గారు తన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని
పడవ ముక్కు మీదికి పోయి కూర్చున్నారు.
మూడో రోజు మెట్ల దాకా వచ్చారు.
నాలుగో రోజు "కరకరలాడతాయా?" అని మాత్రం అడిగారు.

నా కాపలా పన్నెండు నుంచి మూడు.
పిల్లలకోడి చుక్కలు వెనకాల వైజాగ్ వైపు దిగిపోతాయి,
గూటికెళ్ళే కోడి కదా, అటే పోవాలి.
అల్లం టీ ఫ్లాస్కు కాళ్ళ మధ్య.
చుక్కాని కొయ్య ఏ అలకి బరువెక్కుతుందో
చూడక్కర్లేదు, అరచేతికి తెలిసిపోతుంది.
రెక్కల చేప ఒకటి చెంప మీద కొట్టి
డెక్కు మీద పడి టపటపలాడింది.
తిరిగి విసిరేశాను. తెల్లారి సిమోను తిట్టాడు.

ఆ మధ్యాహ్నమే అది కనిపించింది.
నీలం రంగు నూనె డబ్బా, పాచిపట్టి,
నాలుగు పీతపిల్లల్ని మోసుకుంటూ.
మెడకి తాడు ముక్క. ఆ ముడి నాకు తెలుసు.
రెండు చుట్లు తిప్పి, కొస లోపలికి దూర్చి, పళ్ళతో బిగిస్తారు.
మా పేటలో తప్ప ఇంకెక్కడా చూళ్ళేదు.
పడవ తిప్పాం. కొక్కెం కర్ర అందలేదు.
మళ్ళీ తిప్పాం. వేలికి పాచి తగిలింది, డబ్బా జారింది.
మూడోసారి ఆకెళ్ళ గారు గాలిని చూసి, నన్ను చూసి
"వదిలేద్దామమ్మా" అన్నారు.

ఎవరి వల నుంచి తెగిందో.
ఏ తుపానుకో.
కొండ మునిగిన చోట ఆగకుండా
మావాళ్ళ ముడి ఇంత దూరం వచ్చింది,
ఎవరినీ అడగలేదు.
నాన్నకి చెబితే ముందు డబ్బా రంగు అడుగుతాడు.
తర్వాత "తాడు పాడైపోనాదేటి?" అంటాడు.

ఆ రోజు లాగ్ నేను రాశాను.
ఒంటిగంట నలభై. నీలం డబ్బా ఒకటి, ఎడమవైపు.
నీళ్ళు నలభై రెండు లీటర్లు. అల్లం అయిపోయింది.
పోర్ట్ బ్లెయిర్‌కి ఇంకా రెండు రోజులు, గాలి ఉంటే.

రాత్రి మూడింటికి సిమోనుని లేపాను.
వాడు లేచిన చోట దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.
అందులోకి దూరి పడవ పొట్టకి చెవి ఆనించాను.
వేలెడు మందానికి అవతల
నీళ్ళు పోతున్నాయి, బియ్యం కడిగినట్టు చప్పుడు చేస్తూ.